అమ్మోనియా అడగడానికొచ్చిన మేడం గారు

మొన్న సోమవారం పొద్దున పాలకొల్లు చేపల మార్కెట్ వెనక ఒక కోల్డ్ స్టోరేజీలో కంప్రెసర్ విప్పుతుండగా జేబులో ఫోను మోగింది. చేతులు నూనెలో ఉన్నాయి, వదిలేశాను. వెంటనే మళ్ళీ మోగింది. రెండు వేళ్ళతో తీసి భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాను.

"మీ మేడం తెల్లవారుజామున పోయారండీ," అన్నారు ఆవిడ భర్త. పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి, గొంతు ఎప్పుడూ నెమ్మదే. "చుట్టాలకి ఇంకా చెప్పలేదు. ముందు మీకే చేస్తున్నాను."

"ఆయ్, వస్తున్నానండీ," అన్నాను. విప్పిన వాల్వు బిగించి, సబ్బు నురగ రాసి గ్యాసు లీకవడం లేదని చూసుకుని, అప్పుడు ఆ తడి గచ్చు మీదే కూలబడ్డాను.

ఆవిడ మా ఊరి కాలేజీలో దాదాపు ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పారు. ఆవిడ శిష్యులు చాలామంది ఉన్నారు, వాళ్ళు రాసుకోవలసింది వాళ్ళు రాసుకుంటారు. నేను ఆవిడ క్లాసులో ఎప్పుడూ కూర్చోలేదు. ఇంటర్ రెండో ఏడు తప్పినవాణ్ణి. కానీ నాలుగేళ్ళపాటు, ఇంచుమించు ప్రతి ఆదివారం పొద్దుటిపూట, ఐస్ ఫ్యాక్టరీలో ఉప్పునీళ్ళ తొట్టి పక్కన కూర్చుని గురుగ్రహం గాలిలో ఏముందో తెలుసుకోవడానికి ఆవిడ పడిన పాట్లు నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు. అందులో ఒక తప్పు నాది. అది కూడా చెప్పాలి.

తొంభైల నడుమ రోజులవి. పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్ళే రోడ్డులో, కాలవ గట్టునున్న ఐస్ ఫ్యాక్టరీలో నేను మిషను ఆపరేటర్ని. వరి చేలు ఒకటొకటిగా రొయ్యల చెరువులవుతున్నాయి. రొయ్య పట్టిన చోటల్లా ఐస్ కావాలి. మాకు ఊపిరాడేది కాదు. అలాంటి ఒక మధ్యాహ్నం నలభై అయిదేళ్ళ ఆవిడ మోపెడ్ దిగి, గుడ్డసంచీ భుజాన తగిలించుకుని గేటులోకొచ్చారు. మా ఓనరు గారు ఆవిడ కళ్ళజోడు చూసి ఏదో డిపార్టుమెంటు వాళ్ళనుకుని నన్ను ముందుకు తోశారు.

"ఒరేయ్, ఎవరో ఆఫీసరమ్మ గారొచ్చారు. ఏం కావాలో చూడు."

"ఇక్కడ అమ్మోనియా చూసేది మీరేనాండీ?" అని అడిగారు ఆవిడ.

నన్ను 'మీరు' అన్న మనిషి ఆ ఫ్యాక్టరీలో అంతవరకూ లేరు. నేను వెనక్కి తిరిగి, నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాను.

"నేనేనండీ."

"నాకు కొంచెం అమ్మోనియా కావాలండీ. ఇదిగో, దీనికి సరిపడా." సంచీలోంచి ఒక ఇత్తడి డబ్బా తీశారు. గుండ్రంగా, రెండు వైపులా మూతలు బిగించి, అద్దంలా మెరుస్తోంది.

"దేనికండీ?"

"గురుగ్రహం మీద గాలిలో అమ్మోనియా ఎంత ఉందో తెలుసుకోవడానికండీ."

నేను ఓనరు గారి వైపు చూశాను. ఆయన నా వైపు చూశారు. ఆవిడ మటుకు మామూలుగానే, ఉప్పు అడగడానికొచ్చిన పక్కింటావిడలా నిలబడి ఉన్నారు. ఆ మాటలో నాకు తెలిసినది ఒకటే ఉంది, అదే చెప్పాను.

"గురుగ్రహం సంగతి నాకు తెలీదు గానండీ, ఆ డబ్బాలో మటుకు అమ్మోనియా పోయకండి. తినేస్తుంది."

"తినేస్తుందా?"

"ఇత్తడినీ రాగినీ దాని దగ్గరికి రానివ్వమండీ. మా పైపులన్నీ ఇనుమే, చూడండి."

నమ్మరేమోనని లోపలికెళ్ళి, ఎవరో తెలియక బిగించి పాడుచేసిన ఒక ఇత్తడి కుళాయి తెచ్చి చూపించాను. నీలంగా చిలుము పట్టి, నిలువునా బీటలు తీసి ఉంది. ఇంకొకరైతే చిన్నబోయేవారు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పుతూ, గోటితో గీరుతూ, ఎండలోకి పట్టుకెళ్ళి చూస్తూ చాలాసేపు మమ్మల్ని మర్చిపోయారు. తర్వాత నవ్వేశారు.

"ఆరు నెలలు తిరిగి చేయించానండీ ఈ డబ్బా. ముందే మీ దగ్గరికి రావలసింది. ఈ కుళాయి నాకిస్తారా?"

ఆ కుళాయి ఆవిడ టేబుల్ మీద కాగితాలకి బరువుగా చాలా ఏళ్ళుంది.

ఆవిడ సంగతి మెల్లగా తెలిసింది. విశాఖలో ఒక గైడు దగ్గర, ఉద్యోగం చేసుకుంటూనే పీహెచ్‌డీకి చేరారు. కాలేజీలో మిగతావాళ్ళు ఈ వయసులో ఇదేం సరదా అని నవ్వుకునేవారట. ప్రమోషను కోసమేమో అనుకున్నవాళ్ళూ ఉన్నారు. నేనూ ఒకరోజు అడిగేశాను, గురుగ్రహం మీద ఏముంటే మనకేంటండీ అని.

"మనకేం కాదండీ," అన్నారు. "తెలుసుకోవాలని ఉంది, అంతే. మీకు లేదా?"

ఉందో లేదో నేనెప్పుడూ ఆలోచించుకోలేదు. కానీ ఇంకొకటి అడగాలనిపించింది. "అంత దూరాన ఉన్నదాని గాలిలో ఏముందో ఇక్కణ్ణుంచి ఎలా తెలుస్తుందండీ?"

ఆవిడ మా కంప్రెసర్‌కి వచ్చే పెద్ద పైపు మీద చెయ్యి పెట్టి, "దీని లోపల చల్లటి ద్రవం ఎంతవరకు వచ్చిందో చెప్పగలరా?" అని నన్నే అడిగారు.

"ఇదిగో, ఇక్కడిదాకానండీ."

"పైపు కోసి చూశారా?"

"ఎందుకండీ కొయ్యడం? పైన తెల్లగా మంచు పట్టింది కదా. ఎక్కడిదాకా పడితే అక్కడిదాకా వచ్చినట్టు."

"నేను చేసేదీ అదేనండీ," అన్నారు.

తర్వాత వివరంగా చెప్పారు. వేడి ఏ కొంచెం ఉన్నా సరే, ప్రతి వస్తువూ మైక్రోవేవులు వదులుతూనే ఉంటుందట. మా వీధిలో కేబుల్ టీవీ అతను మేడ మీద పెట్టిన పెద్ద డిష్ పట్టుకునేవి కూడా ఆ జాతి అలలేనట. గురుగ్రహం లోపలి నుంచి అవి పైకొస్తుంటే దారిలో అమ్మోనియా కొన్నింటిని మింగేస్తుంది. ఏ పొడవు అలలు ఎంత తగ్గి వచ్చాయో టెలిస్కోపుతో చూస్తే, అక్కడ అమ్మోనియా ఎంతుందో లెక్క కట్టవచ్చు. "కానీ దానికి ముందు ఒక డబ్బాడు అమ్మోనియా ఎంత మింగుతుందో ఎవరో ఒకరు ఇక్కడ భూమ్మీద కూర్చుని కొలవాలి కదండీ. మామూలు వేడిలో కొలిచినవాళ్ళున్నారు. చలిలో, వత్తిడి పెట్టి కొలిచినవాళ్ళు తక్కువ."

"ఎంత చలి ఉండాలండీ?"

ఆవిడ ఒక అంకె చెప్పారు. ఆ అలలు బయల్దేరే లోతులో ఇంచుమించు నీళ్ళు గడ్డకట్టేంత చలి ఉంటుందట. దానికి ఇంకాస్త అటూ ఇటూ కొలిస్తే చాలన్నారు. నాకు నవ్వొచ్చింది. "ఆ చలి మా ఉప్పునీళ్ళ తొట్టిలో ఎప్పుడూ ఉంటుందండీ," అన్నాను.

ఐస్ ఫ్యాక్టరీ చూడనివాళ్ళకి ఒక మాట. పెద్ద తొట్టిలో ఉప్పునీళ్ళుంటాయి. అమ్మోనియా పైపులు వాటిని సున్నా కన్నా కిందికి చల్లబరుస్తాయి, ఉప్పు వల్ల అవి గడ్డకట్టవు. మంచినీళ్ళు పోసిన రేకు డబ్బాలు అందులో దింపితే ఒక రోజుకి ఐస్ దిమ్మలవుతాయి. ఆ డబ్బాల వరసలో ఒక మూల గడిలో ఆవిడ డబ్బా దింపవచ్చని నా ఆలోచన. ఆవిడ తొట్టి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని థర్మామీటరు ముంచి చూసి, లేచి నిలబడి నా వైపే చూశారు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తు.

ఓనరు గారు ఒప్పుకోవడానికి కొంత పట్టింది. "పేలేదేం కాదు కదమ్మా?" అని అడిగారు.

"పేలేదైతే దాని పక్కన నేనెందుకు కూర్చుంటానండీ?" అన్నారు ఆవిడ. ఆయన నవ్వి ఒప్పుకున్నారు. ఆదివారం పొద్దుట మాత్రమే, అదీ పని తక్కువున్నప్పుడు మాత్రమే అని షరతు.

కొత్త డబ్బా స్టీలుతో, పాలకొల్లులో మా లేతు మేస్త్రి దగ్గర చేయించాం. ఆయన బోరు మోటార్లకి షాఫ్టులు తిప్పే మనిషి. లోపల గోడ ఇంత నున్నగా ఎందుకని విసుక్కున్నాడు. ఆవిడ షాపులో బల్ల మీద కూర్చుని, అలలు లోపల గోడ నుంచి గోడకి కొన్ని వేలసార్లు తిరుగుతాయనీ గోడ గరుకుగా ఉంటే గోడే వాటిని మింగేస్తుందనీ, అప్పుడు అమ్మోనియా మింగింది ఎంతో తెలియదనీ చెప్పారు. మేస్త్రి ఆ డబ్బాని మూడుసార్లు తిప్పాడు. మూడోసారి ఎవరూ అడగలేదు, తనంతట తనే చేశాడు.

అలా మొదలైంది. ఆదివారం ఏడింటికల్లా మోపెడ్ మీద వచ్చేవారు. వెనక సీటుకి తాళ్ళతో కట్టిన పెట్టెలో మైక్రోవేవులు పుట్టించే పరికరం, ముల్లు తిరిగే మీటరు. విశాఖ నుంచి చిన్న సీసాలో హైడ్రోజన్ తెచ్చుకునేవారు, గురుగ్రహం మీద ఎక్కువ ఉండేది అదేనట, అమ్మోనియా అందులో కలిసి ఉంటుందట. అమ్మోనియా నింపడం, వత్తిడి చూడడం నా పని. పరికరం మీద మర ఒక్కో గీత తిప్పుతూ మీటరు చదవడం ఆవిడ పని. కుర్చీ వేస్తే కూర్చునేవారు కారు. బోర్లించిన చేపల ట్రే మీదే కూర్చునేవారు. కంప్రెసర్ స్టార్టయితే కరెంటు ఊగి ముల్లు వణికేది. అప్పుడు పెన్సిలు చెవి వెనక పెట్టుకుని, ముల్లు కుదుటపడేదాకా ఏదో ఒకటి అడుగుతూ ఉండేవారు. ఉప్పునీళ్ళు ఎందుకు గడ్డకట్టవు? సాయంత్రం కన్నా పొద్దుట ఐస్ తొందరగా అవుతుందా? "అది అలాగేనండీ" అన్నానా, ఊరుకునేవారు కారు. "'అలాగే' అన్నది జవాబు కాదండీ, బుర్రకిచ్చే సెలవు చీటీ," అనేవారు.

కొన్నాళ్ళకి మీటరు అంకెలు నోటుబుక్కులో నాతో రాయించడం మొదలుపెట్టారు. రాయడమంటే చీటీల మీద తప్ప తెలియనివాణ్ణి. ఒకరోజు తప్పు అంకె వేసి, వేలు తడిచేసి చెరపబోతే చెయ్యి పట్టుకుని ఆపారు.

"కొట్టెయ్యండి. చెరపకండి."

"తప్పండీ అది."

"తప్పే. కానీ మనమేం తప్పు చేశామో రేపు చూసుకోవద్దా? ఒక్క గీత చాలు, కింద అంకె కనబడాలి."

నేనివాళ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ నోటుబుక్కులే కారణం.

రెండో ఏడు చలికాలానికి అంకెలు ఆవిడ ఊహించినదాని కన్నా పెద్దవి రావడం మొదలైంది. అమ్మోనియా ఎక్కువ మింగుతోంది. ఒకటి రెండు ఆదివారాలు అనుమానపడ్డారు. మళ్ళీ మళ్ళీ అలాగే వస్తుంటే ఆవిడ మొహం వెలిగిపోవడం చూశాను. అదే కొలత అమ్మోనియా ఎక్కువ మింగుతుందంటే, గురుగ్రహం మీద అందరూ అనుకుంటున్నంత అమ్మోనియా లేనట్టే కదా. గైడుకి రాశారు. ఆయన ఎగిరి గంతేసినంత పనిచేసి, హైదరాబాదులో ఒక పెద్ద సెమినార్లో చదవమన్నారు. థీసిస్‌లో ఆ అధ్యాయం టైపుకి కూడా ఇచ్చారు. ఒక ఆదివారం ఆవిడ మాకందరికీ కాజాలు తెచ్చారు. ఓనరు గారు కాజా నములుతూ, "అయితే మన ఫ్యాక్టరీలోనే కనిపెట్టారన్నమాట," అని మీసం దువ్వుకున్నారు.

ఆ మర్నాడు మూత దగ్గర గాస్కెట్ మార్చడానికి నేను స్టీలు డబ్బా విప్పాను. లోపల వేలు పెట్టి తుడిస్తే వేలికి జిడ్డు అంటుకుంది.

అది చూడగానే నాకు తెలిసిపోయింది. అంతకుముందు కొన్ని వారాలు కొత్త సిలిండర్లు రాలేదు. రొయ్యల పట్టుబడి జోరుమీదుంది, ఎక్కడా సరుకు లేదు. ఆవిడని ఉత్తచేతుల్తో పంపడం ఇష్టంలేక నేను మిషను లైనులోంచే గ్యాసు పట్టి ఆ డబ్బా నింపాను. అమ్మోనియా అమ్మోనియాయే కదా అనుకున్నాను. మిషనులో తిరిగే గ్యాసుతోబాటు కంప్రెసర్ నూనె కొంచెం ఎప్పుడూ కొట్టుకొస్తుందని మా పనిలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. అది గోడలకి పట్టింది. అలల్ని మింగింది అమ్మోనియా ఒక్కటే కాదు, ఆ నూనె జిడ్డు కూడా. పెద్ద అంకెలు మొదలైంది సరిగ్గా అప్పటినుంచే. ఆవిడకి నేను చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

రెండు ఆదివారాలు ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పాను. సెమినార్ ఇంకో ఇరవై రోజులుంది. తుడిచేసి ఊరుకుంటే ఎవరికీ తెలియదు. అన్నం తినబుద్ధి కాక, నిద్రపట్టక, చివరికి ఒక సాయంత్రం డబ్బాని గుడ్డలో చుట్టుకుని వాళ్ళింటికెళ్ళాను.

ఆవిడ వరండాలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు. భర్తగారు లోపల రేడియో వింటున్నారు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. చెప్పి డబ్బా మూత తీసి ముందు పెట్టాను.

ఆవిడ చూపుడువేలు లోపల పెట్టి తీసి, వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూశారు.

"ఏయే ఆదివారాలు?"

నాకు గుర్తుంది. చెప్పాను. ఆవిడ నోటుబుక్కు తెచ్చి తారీకుల పక్కన పెన్సిలుతో గుర్తులు పెట్టుకున్నారు. ఎనిమిది ఆదివారాలు.

"నా మీద చెయ్యి చేసుకున్నా ఫరవాలేదండీ," అన్నాను.

"మీరు ఇవాళ వెళ్ళండి," అన్నారు. "నాకు కోపం వస్తోంది. కోపంలో ఏదో ఒకటి అంటాను. తర్వాత మీరూ మర్చిపోలేరు, నేనూ మర్చిపోలేను. వెళ్ళండి."

వీధిలోకొచ్చాక వెనక్కి చూస్తే, ఆవిడ పేపర్లు పక్కకి నెట్టి, ఆ డబ్బాలోకి తొంగిచూస్తూ కూర్చున్నారు.

తర్వాత జరిగినవి భర్తగారు నాకు చెప్పినవి. ఆ రాత్రే ఆవిడ గైడుకి ఉత్తరం రాశారు. సెమినార్ నుంచి పేరు తీసేయమనీ, టైపుకిచ్చిన అధ్యాయం తప్పనీ. ఆయనకి ఒళ్ళు మండింది. పోస్టాఫీసు ఫోనుకి చేసి, ఇంత దూరం వచ్చాక ఇదేంటమ్మా, తేడా కొంచెమే కదా, గడువు ముంచుకొస్తోంది, ఎవరు తేల్చబోతారు అన్నారట. ఆవిడ, "ఎవరూ తేల్చరు సార్. గురుగ్రహం వచ్చి ఇది అబద్ధమని చెప్పదు. అందుకే మనమే చెప్పాలి," అన్నారట. కౌంటర్లో స్టాంపులు కొనుక్కుంటున్నవాళ్ళు కూడా విన్నారని చెప్పి భర్తగారు నవ్వారు.

గడువు పొడిగించమని అర్జీ పెట్టుకోవలసి వచ్చింది. కాలేజీలో నవ్వేవాళ్ళు ఇంకాస్త నవ్వారు.

తర్వాతి ఆదివారం ఏడింటికి మోపెడ్ చప్పుడయ్యింది. నేను కంప్రెసర్ వెనక నక్కాను. ఓనరు గారికి ఇదేమీ తెలియదు, "ఒరేయ్, మేడం గారొచ్చారు!" అని కేకేశారు. బయటికి రాక తప్పలేదు. ఆవిడ చేపల ట్రే బోర్లించుకుని అప్పటికే కూర్చున్నారు.

"నేనూ ఒక తప్పు చేశానండీ," అన్నారు, నేనేదో అనబోయేలోపే. "ప్రతిసారీ ముందొకసారి, తర్వాత ఒకసారి ఖాళీ డబ్బాని కొలవాలి. మొదట్లో కొలిచేదాన్ని. అంకెలు బాగా వస్తున్నాయని మానేశాను. కొలిచి ఉంటే రెండో ఆదివారమే పట్టుకునేదాన్ని. మీరు మీ పనిలో తొందరపడ్డారు, నేను నా పనిలో తొందరపడ్డాను. ఇహ దీని గురించి మాట్లాడుకోవద్దు."

నేను తల ఊపాను.

"ఇప్పుడు ఒకటి చెప్పండి," అని సంచీలోంచి డబ్బా తీశారు. తుడవలేదు, జిడ్డు అలాగే ఉంది. "ఈ నూనె ఎంత మందాన పట్టి ఉంటుంది?"

"తెలీదండీ. వెంట్రుకలో సగం కూడా ఉండదు."

"అంత పల్చటిది ఇంత మింగిందా?" ఆ కళ్ళలో కోపం పోయింది. ఇత్తడి కుళాయిని ఎండలో పట్టుకుని చూసిన రోజునాటి చూపే ఉంది. "అయితే అది కూడా కొలుద్దామండీ."

కొలిచాం. రెండు నెలలు గురుగ్రహాన్ని పక్కనపెట్టి, డబ్బాని కడగడం, ఒక చుక్క నూనె రాయడం, కొలవడం, రెండు చుక్కలు రాయడం, కొలవడం. తర్వాత కొత్త సిలిండరు తెప్పించి, మొత్తం పని మొదటినుంచీ మళ్ళీ చేశాం. ప్రతిసారీ ముందూ వెనకా ఖాళీ డబ్బా కొలత. ఇంకో రెండు చలికాలాలు గడిచాయి.

పెద్ద అంకెలు పోయాయి. చివరికి వచ్చినవి, ఇదివరకు పెద్దవాళ్ళు లెక్కగట్టి ఉంచిన వాటికి బాగా దగ్గరగా ఉన్నాయి. ఆవిడ గీసిన గీత, పుస్తకంలో గీత ఒకదాని మీద ఒకటి పెడితే సందు కనబడలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంత కష్టపడి కొత్తగా ఏమీ లేదా?

"అయితే ఏమీ కనిపెట్టలేదాండీ మనం?"

"ఎందుకు కనిపెట్టలేదు?" అన్నారు ఆశ్చర్యంగా. "ఆ లెక్క చలిలో కూడా నిలబడుతుందో లేదో నిన్నటిదాకా నాకు తెలీదు. ఇవాళ తెలుసు. మన పాలకొల్లులో కూర్చుని తెలుసుకున్నామండీ." ఆ గీతల కాగితాన్ని ఆవిడ చూసుకున్నంత ముచ్చటగా కన్నబిడ్డ ఫొటోని చూసుకునేవాళ్ళని కూడా నేను తక్కువమందినే చూశాను.

వైవా రోజున, ఎక్కడో దూరం నుంచి వచ్చిన పరీక్షకుడు గురుగ్రహం గురించి పావుగంట అడిగి, నూనె జిడ్డు గురించి ముప్పావుగంట అడిగారట. అలాంటి తప్పులు చాలా చోట్ల జరుగుతాయనీ, రాసిపెట్టేవాళ్ళే ఉండరనీ అన్నారట. కసురుకున్న గైడే తర్వాత నలుగురికీ ఆ అధ్యాయం గురించి చెప్పుకునేవారు. థీసిస్ మొదటి పేజీల్లో కృతజ్ఞతలున్న చోట నా పేరు ఉంది. పేరు పక్కన 'అమ్మోనియా నిపుణులు' అని ఉంది. మా ఆవిడ ఆ పేజీ జిరాక్సు తీయించి ఫ్రేము కట్టించింది. ఇంటర్ తప్పినప్పుడు నాతో రెండు నెలలు మాట్లాడని మా నాన్న, వచ్చినవాళ్ళందరికీ దాన్ని చూపించేవాడు.

పట్టా వచ్చిన తర్వాతి ఆదివారం ఏడింటికి మళ్ళీ మోపెడ్ చప్పుడైంది. పెట్టె లేదు, సీసా లేదు. వచ్చి ట్రే బోర్లించుకుని కూర్చున్నారు.

"ఇవాళేం కొలవాలండీ?"

"ఏమీ లేదు. అలవాటైపోయింది, ఇంట్లో కాలు నిలవలేదు." కాసేపు అటూ ఇటూ చూసి, అప్పుడే డబ్బాలోంచి తీసిన ఐస్ దిమ్మ దగ్గరికెళ్ళారు. "ఇన్నాళ్ళూ చూస్తున్నాను గానీ అడగలేదు. అంచులు గాజులా ఉన్నాయి, నడిమధ్యలో మటుకు ఈ తెలుపేంటండీ?"

"అది అలా..." అని నాలిక కరుచుకున్నాను.

ఇద్దరం నవ్వాం. ఆ తెలుపు నీళ్ళలో కలిసిన గాలి అనీ, అంచుల నుంచి గడ్డకడుతూ వస్తుంటే అది మధ్యకి నెట్టుకుపోయి అక్కడ చిక్కుకుంటుందనీ తేల్చడానికి మాకు మూడు ఆదివారాలు పట్టింది. మరిగించి చల్లార్చిన నీళ్ళు పోసి చూస్తే తెలుపు బాగా తగ్గింది. ఓనరు గారు ఆ దిమ్మని ఎవరికీ అమ్మకుండా, కరిగిపోయేదాకా ఆఫీసు గదిలో పెట్టుకున్నారు.

తర్వాత ఆ ఫ్యాక్టరీ మూతపడింది. నేను సొంతంగా రిపేర్లు మొదలుపెట్టాను. ఆవిడ రిటైరయ్యారు. నెలకో రెండు నెలలకో వెళ్ళి పలకరించి వస్తుండేవాణ్ణి. గుండె జబ్బు ముదిరి మంచం పట్టాక కూడా నన్ను చూడగానే అడిగేది ఒకటే, "ఈ నెల్లో కొత్తగా ఏం చూశారండీ?" ఏదో ఒకటి లేకుండా వెళ్ళడానికి భయపడేవాణ్ణి. అందుకని పనిలో కళ్ళు తెరుచుకుని ఉండడం అలవాటైంది. ఒక్కోసారి పైపు మీద పట్టిన చెమటని కూడా ఆవిడకి చెప్పడం కోసమే రెండు నిమిషాలు ఆగి చూసేవాణ్ణి. పోయిన నెల వెళ్ళినప్పుడు ఊపిరి కూడగట్టుకుంటూ, కొత్త ఫ్రిజ్‌ల్లో ఏం గ్యాసు వాడుతున్నారని అడిగారు. చెప్పాను. "అది మైక్రోవేవుల్ని మింగుతుందంటారా?" అన్నారు. నాకు తెలియదన్నాను. "నాకూ తెలీదు," అని ఎంతో సంతోషంగా కళ్ళు మూసుకున్నారు.

దహనం అయిపోయిన మూడోనాటి సాయంత్రం పొద్దుగూకాక వాళ్ళింటికెళ్ళాను. వచ్చిన చుట్టాలు లోపల మాట్లాడుకుంటున్నారు. భర్తగారు ఒక్కరే వరండాలో ఉన్నారు. శ్రావణమాసం, ఆకాశం నిండా ముసురు. కాలవ వైపునుంచి తడిగాలి వీస్తోంది.

"ఆవిడ గ్రహం ఇప్పుడెక్కడుంటుందండీ?" అని అడిగారు ఆయన ఉన్నట్టుండి. "ఇన్నేళ్ళు పక్కనున్నాను గానీ ఒక్కసారీ నేనడగలేదు."

"ఈ నెల్లో పొద్దుగూకేసరికి తూర్పున లేస్తుందండీ. ఈపాటికి ఆ రైస్‌మిల్లు గొట్టం మీదకి వచ్చి ఉంటుంది."

ఆయన అటు చూశారు. అక్కడ బూడిదరంగు మబ్బు తప్ప ఏమీ లేదు.

"కనబడదేమో కదా?"

"మన కళ్ళకి కనబడదండీ. అది పంపే మైక్రోవేవులు మటుకు మబ్బు దాటుకుని వస్తూనే ఉంటాయి."

"ఇప్పుడు కూడానా?"

"ఇప్పుడు కూడానండీ. మన మీద పడుతూనే ఉంటాయి."

ఆయన లేచి, తన కుర్చీని తూర్పువైపుకి తిప్పుకుని కూర్చున్నారు. నేనూ నాది జరుపుకున్నాను. సన్నగా చినుకులు మొదలయ్యాయి. లోపలి నుంచి ఎవరో, తడుస్తున్నారు, లోపలికి రండి అని పిలిచారు. ఆయన వినిపించుకోలేదు. ఒళ్ళో పెట్టుకున్న రెండు అరచేతులూ మెల్లగా పైకి తిప్పి, ఆ మబ్బు వైపే చూస్తూ కూర్చున్నారు.